పసుపు చెప్పే పాఠం

 

చిటికెడు పసుపు నీళ్లలో కలపండి. కొంచెం సున్నం వేయండి. ఎర్రబడుతుంది. కాళ్లకు పెట్టుకునే పారాణి ఇదే. ఇప్పుడు నిమ్మకాయ పిండండి. మళ్లీ పసుపు రంగు వస్తుంది. ఇదే రసాయన శాస్త్రం! పిల్లలతో చేయించండి. చేతితో చేసింది మరచిపోరు. సున్నం మాత్రం కండ్లలో పడనీయొద్దు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు కొన్ని బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉంటుంది. కంటికి కనపడదు. కాచినా పోదు. ఏండ్ల తరబడి తాగితే పండ్లకు గార పడుతుంది. ఎముకలు వంగుతాయి.

దాన్ని పట్టిచ్చేదీ రంగే. నీళ్లలో మందు చుక్కలు వేస్తే రంగు మారుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దు. పటిక, సున్నంతో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి 1970లలో నల్లగొండ పేరే పెట్టారు.

బడిలో సారును అడగండి. ఊరి నీళ్లు పిల్లల ముందే పరీక్ష చేయించండి.