అందరిదీ ఒకే నడక కాదు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఐరోపా దేశాల కలయిక గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. ముప్పైమూడేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు నడిపినవాణ్ణి. అయితే 2018లో నెదర్లాండ్స్‌లో మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉండి వచ్చాను. అక్కడ చూసినదీ, తరువాత చదివి తెలుసుకున్నదీ మనవి చేస్తాను.

ఒకరోజు రైల్లో బెల్జియం వెళ్ళాం. దేశం మారిందని మా అబ్బాయి చెబితేగాని నాకు తెలియలేదు. పాస్‌పోర్టు అడిగినవారు లేరు. జేబులో ఉన్న యూరో నోటే అక్కడా చెల్లింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైన్యాలు తొక్కిన నేల అది!

మా అబ్బాయి పొరుగింటాయన రొమేనియా దేశస్థుడు, లారీ డ్రైవరు. నా ఆశ్చర్యం విని ఆయన నవ్వాడు. "మీరు చుట్టపుచూపుగా వచ్చి ఆగకుండా దేశాలు దాటుతున్నారు. మా దేశం యూనియన్‌లో సభ్య దేశం. అయినా మా సరిహద్దులో నా లారీ గంటల తరబడి నిలబడుతుంది" అన్నాడు. ఆ మాట నన్ను వదలలేదు.

సంగతి ఏమిటంటే, 1951లో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ అనే ఆరు దేశాలు బొగ్గు, ఉక్కు వ్యవహారాలు కలిపి చూసుకుందామని ఒప్పందం చేసుకున్నాయి. అదే పెరిగి 27 దేశాల యూరోపియన్ యూనియన్ అయింది. ఇంతమందిని ఒకే అడుగు వేయమంటే కుదరదు గనుక, సిద్ధంగా ఉన్నవారు ముందు నడవవచ్చునన్నారు. సరిహద్దు తనిఖీలు ఎత్తివేసే ఒప్పందం మీద 1985లో షెంగెన్ అనే గ్రామం దగ్గర ఐదు దేశాలే సంతకాలు చేశాయి. అది 1995లో అమలులోకి వచ్చింది. యూరో నాణెం కూడా అందరిదీ కాదు. 2026 జనవరిలో బల్గేరియా చేరడంతో 21 దేశాలయ్యాయి. ఏదైనా విషయంలో కనీసం 9 దేశాలు కలిసి ముందుకు వెళ్ళవచ్చు, మిగిలినవారు తరువాత చేరవచ్చు అని నియమం కూడా ఉంది.

ఇది మంచిదా, చెడ్డదా? మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది డెన్మార్కు. 1992లో అక్కడి ప్రజలు కొత్త ఒప్పందాన్ని ఓటుతో తిరస్కరించారు. నాణెం, రక్షణ మొదలైన నాలుగు విషయాల్లో మినహాయింపులు ఇచ్చాక 1993లో అంగీకరించారు. ఇప్పటికీ వారి నాణెం వారిదే. కాని ఉక్రెయిన్‌పై రష్యా దండెత్తిన తరువాత, 2022లో, రక్షణ మినహాయింపును ప్రజలే ఓటు వేసి వదులుకున్నారు. డెన్మార్కుతోపాటు 1973లోనే చేరిన బ్రిటన్‌కూ మినహాయింపులు ఇచ్చారు. అది 2020లో పూర్తిగా బయటికి వెళ్ళిపోయింది. మినహాయింపు ఇచ్చినంతమాత్రాన మనసు కలుస్తుందని లేదు మరి.

రెండవది గ్రీసు. తొందరపడి 2001లో యూరోలో చేరింది. లోటు లెక్కలు తక్కువ చేసి చూపినట్లు 2004లో బయటపడింది. 2010లో అప్పుల సంక్షోభం వచ్చాక ఎవరి మీద పడిందనుకున్నారు? మనవంటి పెన్షనర్ల మీద. వారి పెన్షన్లు ఒకసారి కాదు, పలుమార్లు కోశారు.

మూడవది మన లారీ డ్రైవరుగారి రొమేనియా. 2007లో సభ్యత్వం వచ్చింది. సరిహద్దు షరతులన్నీ నెరవేర్చినట్లు 2011లోనే తేలింది. కాని అందరూ ఒప్పుకోవాలి గనుక ఫైలు ఆగిపోయింది. విమాన, ఓడ ప్రయాణాలకు 2024 మార్చిలో, రోడ్డు, రైలు మార్గాలకు 2025 జనవరిలో మోక్షం వచ్చింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్న ఫైలు ఒక్క సంతకం కోసం బీరువాలో పడి ఉంటే ఆ బాధ ఎటువంటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

1956లో ఆంధ్ర రాష్ట్రం, హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలు కలిసినప్పుడు రాష్ట్రం ఒక్కరోజులో ఏర్పడిందిగాని, ఉద్యోగుల సీనియారిటీ జాబితాలు కలపడానికి ఏళ్ళు పట్టిందని మా సీనియర్లు చెప్పేవారు. ఏ కలయికలోనైనా ఆలస్యం తప్పదు. అయితే తనంతట తాను నెమ్మదిగా నడవడం వేరు, అర్హత ఉండి గుమ్మం బయట నిలబడడం వేరు. మొదటిదాన్ని ఎవరూ తప్పుపట్టరు. రెండవదాన్ని ఎవరూ మరచిపోరు.

చివరగా మన సంఘానికి నచ్చే విషయం ఒకటి. పలు సభ్య దేశాల్లో పనిచేసినవారి సర్వీసును కలిపి లెక్కించి పెన్షన్ అర్హత తేల్చాలనీ, ప్రతి దేశం తన వంతు తాను చెల్లించాలనీ వారి నియమం. దీనికి పునాది 1958లోనే పడింది. ఇందులో ముందు వరుస, వెనుక వరుస లేవు. సభ్యత్వం వచ్చిన రోజు నుంచే ఇది రొమేనియాకూ వర్తించింది. సరిహద్దులో ఆ డ్రైవరుగారి లారీ ఆగిందిగాని, ఆయన సర్వీసు లెక్క ఆగలేదు. ఎవరి నడక వారిదైనా, ముసలితనంలో తినే అన్నం దగ్గర అందరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టారు. కలిసి ఉండడమంటే అదేనని నా అభిప్రాయం.