ఎవరి నుంచి భద్రత?

(బోయిన్‌పల్లిలో స్త్రీల సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య మన సమావేశాల్లో తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటి వుంది. రోజువారీ వాడకానికి ఏ బ్రౌజర్ సురక్షితమైనది? దీనికి ఒక పేరు చెప్పేసి కూర్చోవచ్చు. అయితే ఆ పేరు మనతో కలిసి పనిచేసే చాలామంది స్త్రీలకు ఎందుకూ కొరగాకుండా పోతుంది. దానికన్నా ముందు మనం అడగవలసిన ప్రశ్న ఇంకొకటి వుంది. భద్రత ఎవరి నుంచి?

బ్రౌజర్ అంటే ఇంటర్నెట్‌లోకి వెళ్ళే వాకిలి. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, బ్రేవ్ - ఇవన్నీ అలాంటి వాకిళ్ళే. మామూలు వాకిలికి జ్ఞాపకశక్తి వుండదు. ఈ వాకిలికి వుంటుంది. మనం ఎక్కడికి వెళ్ళామో, ఏ మాట వెతికామో, ఏ పాస్‌వర్డ్ కొట్టామో రాసిపెట్టుకుంటుంది. మనం చూసిన సైట్లు కుకీలు అనే చిన్న గుర్తులను అందులో వదిలివెళతాయి.

కంప్యూటర్ పత్రికలు భద్రత గురించి రాసేటప్పుడు వాళ్ళ కళ్ళ ముందు వుండేది సొంత కంప్యూటరు, సొంత గది, సొంత సంపాదన వున్న మగవాడు. అతని శత్రువు ఎక్కడో దూరదేశంలో కూర్చున్న దొంగ. మరి మన స్త్రీల సంగతేమిటి? ఇక్కడి కూరగాయల మార్కెట్ యార్డుకి తెల్లవారుజామున సరుకు కోసం వచ్చే ఆమె చేతిలో వున్నది కొడుకు వాడి పక్కన పడేసిన ఫోను కావచ్చు. నాలుగిళ్ళలో పనిచేసే ఆమె ఫోను భర్త కొన్నది, ఖాతా తెరిచింది దుకాణంలో కుర్రాడు, అదీ భర్త నంబరుతో. ఫోను తెరిచే అంకెలు ఇంట్లో అందరికీ తెలుసు. తెలియకుండా పెట్టుకుంటే "ఏం దాస్తున్నావు?" అన్న ప్రశ్న వస్తుంది. ఈ స్త్రీలకు అన్నిటికన్నా దగ్గరగా వున్న నిఘా ఇంట్లోనే వుంది.

ఆ ఫోనులో స్త్రీలు ఏం వెతుకుతారు? గృహహింస చట్టం గురించి, భరణం గురించి, గర్భస్రావం గురించి, ఏదో మాత్ర గురించి, హాస్టల్ అద్దె గురించి, ఉద్యోగం గురించి. బయటికి అనలేని మాటలు ముందుగా అక్కడే పుడతాయి. ఆ జాబితా చదివితే ఆమె మనసు చదివినట్టే. ఆమె ఇల్లు వదలాలని అనుకుంటోందని ఆమెకన్నా ముందు ఇంట్లోవాళ్ళకు తెలిసిపోతే ఏమవుతుందో సలహా కేంద్రాల్లో పనిచేసేవాళ్ళకు నేను వివరించనక్కరలేదు.

"భార్యాభర్తల మధ్య రహస్యాలేమిటి?" అనేవాళ్ళు మన మధ్య కూడా వున్నారు. రహస్యం వేరు, గోప్యత వేరు. గోప్యత హక్కు. ఈ హక్కు చరిత్రలో తెలుగు నేల మీది న్యాయమూర్తులకు పెద్ద చోటే వుంది. 1962లో పోలీసు నిఘా కేసు ఒకటి సుప్రీంకోర్టు ముందుకు వచ్చినప్పుడు, గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు అన్నారు. రాజమండ్రివాడైన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత అవిభాజ్యమైన భాగమని భిన్నాభిప్రాయం రాశారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆయన మాట నెగ్గడానికి యాభై అయిదేళ్ళు పట్టింది.

స్త్రీల విషయంలో ఈ మాటను ఇంటి గడప లోపలికి తీసుకువెళ్ళింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. 1983లో నటి సరిత కేసులో, భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే హిందూ వివాహ చట్టంలోని 9వ సెక్షన్ చెల్లదని జస్టిస్ పి.ఎ. చౌదరి తీర్పు ఇచ్చారు. తన శరీరం మీద, తన సాన్నిహిత్యం మీద నిర్ణయం స్త్రీది కావాలన్నది ఆ తీర్పు సారాంశం. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. 2007లో ఇదే హైకోర్టు ముందుకు మరో కేసు వచ్చింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో ఫోనులో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, విడాకుల కేసులో సాక్ష్యంగా పెట్టాడు ఒక భర్త. అది ఆమె గోప్యత హక్కుకు భంగమని, ఆ సాక్ష్యం చెల్లదని హైకోర్టు చెప్పింది.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2025 జులై 14న సుప్రీంకోర్టు ఇంకొక కేసులో, భార్యాభర్తలలో ఒకరు రెండోవారికి తెలియకుండా రికార్డు చేసిన సంభాషణను వైవాహిక వివాదంలో సాక్ష్యంగా స్వీకరించవచ్చునని తీర్పు చెప్పింది. ఒకరిమీద ఒకరు నిఘా పెట్టే దాకా వస్తే, ఆ కాపురం చెడిపోయిందనడానికి అదే గుర్తు అని కోర్టు అభిప్రాయపడింది. హింసను రుజువు చేసుకోవడానికి ఇది కొందరు స్త్రీలకు ఉపయోగపడవచ్చు. కానీ ఇంట్లో ఫోను ఎవరి చేతిలో వుంటుంది? ఖాతా ఎవరి పేరున వుంటుంది? నిఘా పెట్టే శక్తి ఇద్దరికీ సమానంగా లేనిచోట ఆ తీర్పు ఫలితం కూడా సమానంగా వుండదు. ఆ తీర్పు సంభాషణల గురించే అయినా, ఫోనులో దొరికే ప్రతి జాడనూ కోర్టు దాకా తెచ్చే ఉత్సాహాన్ని అది పెంచుతుందని నా భయం. బ్రౌజర్ గురించి ఇవాళ ఇంతసేపు మాట్లాడుకోవడానికి కారణం ఇదే.

ఇక ఆచరణ విషయానికి వద్దాం. మనమీద పడే చూపుల్ని మూడు వలయాలుగా అనుకుందాం.

మొదటి వలయం ఇల్లు. ఇక్కడ ఏ బ్రౌజర్ అన్నదానికన్నా ఏ ఖాతా అన్నది ముఖ్యం. క్రోమ్‌లో భర్త ఖాతాయో, కొడుకు ఖాతాయో తెరిచి సింక్ పెట్టి వుంటే, ఈ ఫోనులో వెతికినది ఆ ఫోనులో కూడా కనిపిస్తుంది. కాబట్టి మొదట చూడవలసింది బ్రౌజర్‌లో ఎవరి పేరు వుందన్నది. రెండోది, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు. ఫోను తెరిచే అంకెలు తెలిసినవాళ్ళు వాటిని కూడా చూడగలిగే అవకాశం ఎక్కువ. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులను ఉమ్మడి ఫోనులో దాచవద్దు.

అజ్ఞాత మోడ్ గురించి చాలామందికి భ్రమలున్నాయి. అది చేసేది ఒక్కటే. కిటికీ మూసేస్తే ఆ ఫోనులో చరిత్రను వుంచదు. ఇంట్లోవాళ్ళ చూపు నుంచి అది కొంత కాపాడుతుంది. కానీ నెట్ ఇచ్చే కంపెనీ నుంచి, ఆఫీసు నుంచి, చూసిన సైట్ల నుంచి దాచదు. ఆ మోడ్‌లో వున్నవాళ్ళ సమాచారాన్ని కూడా సేకరించారని గూగుల్ మీద 2020లో అమెరికాలో కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, కోట్ల కొద్దీ రికార్డులను చెరిపివేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది. పేరు చూసి నమ్మకూడదని దీన్నిబట్టి తెలుస్తోంది.

ఉమ్మడి ఫోను వాడే స్త్రీకి ఫైర్‌ఫాక్స్ ఫోకస్, డక్‌డక్‌గో లాంటివి పనికివస్తాయి. ఒక్క గుర్తు నొక్కితే చూసినదంతా చెరిగిపోతుంది. అయితే కొత్త యాప్ కనిపించడమే గొడవకు కారణమయ్యే ఇళ్ళున్నాయి. చరిత్ర మొత్తం ఒక్కసారిగా ఖాళీగా కనిపించినా అనుమానం వస్తుంది. అలాంటి ఇంట్లో అవసరమైన ఆ ఒకటి రెండు పేజీలను మాత్రమే తీసేసి, వంటలు, సీరియళ్ళు, బస్సు వేళలు అలాగే వుంచడం మేలు. ఫోనులో నిఘా యాప్ వేశారన్న అనుమానం వుంటే ఏ బ్రౌజరూ కాపాడలేదు. అప్పుడు పక్కింటి స్నేహితురాలి ఫోనో, మన సంస్థ ఫోనో వాడాలి. లేదా ఎస్‌టీడీ బూతుల కాలంలో చేసినట్టు, వేరేచోటి నుంచి 181కి ఫోను చేయాలి. సాక్ష్యంగా పనికివచ్చే బెదిరింపు మెసేజ్‌లను మాత్రం చెరపవద్దని చెప్పండి. వాటి నకళ్ళు మన దగ్గర భద్రపరచండి.

రెండో వలయం బయటివాళ్ళు. అంటే దొంగ సైట్లు, మోసగాళ్ళు, ఆఫీసు, నెట్ సెంటర్. ఇక్కడ అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయడం. కన్నాలు బయటపడ్డప్పుడల్లా కంపెనీలు వాటిని పూడుస్తాయి. ఆ మరమ్మతు మన ఫోనుకి చేరేది అప్‌డేట్‌తోనే. కానీ మన ఇళ్ళలో కొత్త ఫోను మగపిల్లవాడికి, పాత ఫోను తల్లికి వస్తుంది. ఫోను మరీ పాతదైతే అప్‌డేట్లు రావడం ఆగిపోతుంది. అడుగున మిగిలిన అన్నం లాగే అడుగున మిగిలిన భద్రత కూడా ఆమె వంతుకే వస్తుంది. ఇది సాంకేతిక సమస్యగా కనిపించినా మూలం ఇంటి లోపలి వివక్షే.

అడ్రసు పక్కన తాళం గుర్తు వుంటే మంచి సైటు అని మనం చాలాకాలం చెప్పుకున్నాం. తాళం అంటే దారి మధ్యలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. దారి చివర వున్నది దొంగే కావచ్చు. జనం అపార్థం చేసుకుంటున్నారని 2023లో క్రోమ్ ఆ గుర్తునే మార్చేసింది. అందుకని అడ్రసు అక్షరం అక్షరం చదవడం నేర్పాలి. బ్యాంకు కస్టమర్ కేర్ నంబరును వెతుకులాటలో తీసుకోకుండా పాస్‌బుక్ మీద చూసుకోమనాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

మూడో వలయం కంపెనీలు, ప్రభుత్వాలు. ఇక్కడ ఒక పాఠం మనకు ముందే వుంది. తక్కువ డేటాతో నడుస్తుందని యూసీ బ్రౌజర్ చవక ఫోన్లలో బాగా వ్యాపించింది. వాడేవాళ్ళు వెతికిన మాటలు సరైన రక్షణ లేకుండా బయటికి పోతున్నాయని 2015 మే నెలలో టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిటిజన్ ల్యాబ్ బయటపెట్టింది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అది కూడా వుంది. మధ్యలో గడిచింది అయిదేళ్ళు. ఖరీదైన ఫోను, పెద్ద డేటా ప్యాకేజీ కొనలేనివాళ్ళు ఆ అయిదేళ్ళూ దాన్ని వాడుతూనే వున్నారు. చవకగా దొరికిన దానికి మనం వేరే రూపంలో ధర చెల్లిస్తామని గుర్తుంచుకోవాలి.

క్రోమ్ భద్రత విషయంలో గట్టిదే, దొంగల నుంచి బాగానే కాపాడుతుంది. కానీ దాని యజమాని వ్యాపారం ప్రకటనలు. మన వెంట సైటు నుంచి సైటుకి తిరిగే కుకీలను తీసేస్తామని 2020లో గూగుల్ ప్రకటించి, 2024లో ఆ ఆలోచన మానుకుంది. ఫైర్‌ఫాక్స్‌ను తయారుచేసే మొజిల్లా సంస్థ లాభాపేక్ష లేని ఫౌండేషన్ కింద పనిచేస్తుంది. దాని కోడ్ బహిరంగంగా వుంటుంది, ఎవరైనా పరిశీలించవచ్చు. 2022 నుంచి ఆ కుకీలను ఏ సైటువి ఆ సైటుకే పరిమితం చేసి వుంచుతోంది. తెలుగులో కూడా వాడుకోవచ్చు. తెలుగు చేసింది స్వచ్ఛంద కార్యకర్తలే. అయితే మొజిల్లా ఆదాయంలో పెద్ద భాగం గూగుల్ నుంచే వస్తుందన్న నిజాన్ని కూడా తెలుసుకుని వుందాం. బ్రేవ్ ప్రకటనలను, వెంటపడే గుర్తులను ముందుగానే ఆపుతుంది, కానీ అది కూడా ఒక కంపెనీయే. నిఘా ప్రమాదం ఎక్కువగా వున్న కేసుల మీద పనిచేసేవాళ్ళకు టోర్ బ్రౌజర్ వుంది. మన జాడను మూడు మజిలీల గుండా తిప్పి పంపుతుంది. నెమ్మదిగా నడుస్తుంది. టోర్ వాడుతున్నామన్న సంగతి మాత్రం నెట్ ఇచ్చేవాళ్ళకు తెలుస్తుంది. ప్రతిరోజూ అందరికీ అది అవసరం లేదు.

ఇన్ని చెప్పాక, నా సలహా ఇది. సొంత ఫోను, సొంత ఖాతా వున్న కార్యకర్తలు రోజువారీ వాడకానికి ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని, ప్రకటనలను ఆపే యాడ్-ఆన్ వేసుకోండి. క్రోమ్‌కే అలవాటుపడితే కనీసం సింక్‌లో, ఖాతాలో ఏం భద్రమవుతోందో చూసి, అక్కరలేనివి ఆపేయండి. ఉమ్మడి ఫోను వాడే స్త్రీకి బ్రౌజర్ పేరు చెప్పేముందు ఆమె ఇంటి పరిస్థితి అడగండి. ఆ ఇంట్లో ఆమెకు ఏది ప్రమాదం కాదో నిర్ణయించగలిగేది ఆమే.

సంస్థలకు కూడా ఒక బాధ్యత వుంది. బాధితుల వివరాలు ఆఫీసు కంప్యూటర్లలో తెరిచి వుంచిన మెయిళ్ళలో పడి వుంటున్నాయి. ఒకే కంప్యూటరు నలుగురు వాడేచోట ఎవరి ప్రొఫైల్ వారికి వుండాలి, పని అయ్యాక లాగవుట్ కావాలి. సలహా కేంద్రానికి వచ్చిన స్త్రీ వాడుకోవడానికి ఒక శుభ్రమైన ఫోను వుంచాలి. కేసు పత్రం రాసేటప్పుడు "మీ ఫోను ఇంకెవరు చూస్తారు? ఏ నంబరుకు, ఏ వేళలో ఫోను చేస్తే మీకు ఇబ్బంది వుండదు?" అన్న ప్రశ్నలు తప్పనిసరి కావాలి. మనం పంపే ఒక్క మెసేజ్ ఆమె మీద దెబ్బగా మారకూడదు.

ఆస్తిలో వాటా అడిగినప్పుడు "ఇంట్లో వేరు కుంపటి పెడతావా?" అన్నారు. సొంత బ్యాంకు ఖాతా అడిగినప్పుడు "నమ్మకం లేదా?" అన్నారు. ఇప్పుడు సొంత ఫోను, సొంత ఖాతా, తనకు మాత్రమే తెలిసిన తాళం అడిగితే అవే మాటలు మళ్ళీ వినిపిస్తాయి. మన సంఘాల కోర్కెల పత్రాల్లో ఈ మూడింటినీ చేర్చాలని ప్రతిపాదిస్తున్నాను. ఇక మీ ప్రశ్నలు అడగండి. ఫోన్లు బయటికి తీయండి, బ్రౌజర్‌లో ఎవరి పేరు వుందో ముందుగా అది చూద్దాం.