ముత్తాత పేరు



పాటలు, పద్యములు విన్న చెవులకు దస్తావేజుల మాట రుచింపకపోవచ్చును. అయినను మన కార్యవర్గమువారు కోరినందున, మన పూర్వుల జాడ తెలిసికొను విధమును గూర్చి నా అనుభవమున్నంతమేరకు మనవి చేయుదును.

మా తండ్రిగారు 1957లో పార్వతీపురము ప్రాంతపు పల్లెనుండి రాయపూరు రైలెక్కి భిలాయి వచ్చిరి. అప్పటికి మొదటి బ్లాస్టు ఫర్నేసు ఇంకను సిద్ధము కాలేదు. అది 1959 ఫిబ్రవరిలో ప్రారంభమైనది. ఊరు ఎందుకు విడిచితిరని అడిగినప్పుడెల్ల, ‘ఉద్యోగము దొరికినది, వచ్చితిని’ అని మాత్రమే చెప్పెడివారు. వారు గతించిన పిమ్మట కర్మ చేయించుచు పురోహితులు మూడు తరముల పేర్లు చెప్పుమనిరి. తండ్రి పేరు చెప్పితిని, తాత పేరు చెప్పితిని. ముత్తాత పేరు నోటికి రాలేదు. పక్కనున్న నా కుమారుడు నా మొగము చూచెను. ఆ చూపే నన్ను వెదకులాటకు పంపినది.

మొదట వెదకవలసినది కచేరీలలో కాదు, పెద్దల నోళ్లలో. ఊరిలోనున్న మా మేనత్తకు పేరు జ్ఞప్తిలో లేదు గాని, ‘చెరువు క్రింది చెక్క మనదేనురా’ అని ఒక మాట అనెను. రెండవది ఇంటి కాగితములు. నాన్నగారి ట్రంకుపెట్టె అడుగున ఒక శిస్తు రసీదు దొరికినది. దానిపై పసలీ 1338 అని యున్నది. పసలీకి 590 కలిపినచో మన వాడుక సంవత్సరము వచ్చును. అనగా అది 1928-29 నాటిది. ప్రభవ, విభవ అను పేర్లు మాత్రమే వ్రాసిన కాగితములతో జాగ్రత్త వహింపవలెను. ప్రభవ 1927లో వచ్చినది, 1987లోను వచ్చినది.

మూడవది, ఆనాడు మన ఊరు ఏ జిల్లాలో నుండెనో తెలిసికొనుట. పార్వతీపురము 1950కి పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. ఆ ఏట శ్రీకాకుళము జిల్లాలో చేరెను. 1979లో విజయనగరము జిల్లాలోనికి వచ్చెను. 2022లో పార్వతీపురము మన్యము జిల్లా అయ్యెను. ఊరు కదలలేదు, జిల్లాలే కదలినవి. కాగితము ఒకచోట, మనము వెదకునది వేరొకచోట అగుటకు ఇదియే తరచు కారణము. దీనికి తోడు 1984లో కరణీకము రద్దయినప్పటినుండి, ఊరి లెక్కలను నోటనుంచుకొని చెప్పగలవారు క్రమముగా కనుమరుగైరి.

ఇక రిజిస్ట్రేషను కచేరి. 1908 నాటి చట్టము ప్రకారము అక్కడ భూమి దస్తావేజులకు రెండు సూచికలుండును. ఒకటి మనుష్యుల పేర్లనుబట్టి, రెండవది ఆస్తినిబట్టి. నాకు పేరు తెలియదు గాని చెరువు క్రింది చెక్క తెలియును. కనుక రెండవ సూచికను పట్టితిని. రుసుము చెల్లించి రెండు పర్యాయములు పోయిన పిమ్మట 1931 నాటి తనఖా దస్తావేజు నకలు చేత బడెను. ‘ఫలానావారి కుమారుడు ఫలానా’ అని మా ముత్తాత పేరును, వారి తండ్రి పేరును అందులో నున్నవి. వారికి చేవ్రాలు రాదు. ‘ఇది ఫలానావాని నిశాని’ అని లేఖరి వ్రాసియున్నాడు. ఆ భూమి మరల విడిపింపబడినట్లు కాగితము లేదు. నాన్నగారు ఎన్నడును నోరు విప్పని సంగతిని ఆ నిశాని చెప్పినది.

మాన్యములుగల కుటుంబములవారు 1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాం కమీషను రిజిస్టర్లు చూడవలెను. జమీందారీ గ్రామములవారు 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము పిమ్మట తయారైన సెటిల్మెంటు అడంగళ్లు చూడవలెను. ఊరి చరిత్రకు కర్నలు మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులున్నవి. ఆ పనిలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజములు. గ్రంథాలయములలో 1898 నాటి రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము, 1918 నాటి వేటపాలెము సారస్వత నికేతనము పాత పుస్తకములకు, పత్రికలకు పెన్నిధులు. విశాఖ మండలమువారికి 1869లో కార్మైకేలు, 1907లో ఫ్రాన్సిస్ వ్రాసిన గ్రంథములు ఉపయోగపడును.

భూమి లేనివారి సంగతి యేమి? వారికి కాగితము తక్కువ. అయినను కాపు, రెడ్డి కులముల గోత్రములు చెప్పు పిచ్చుకుంట్లవారు, మాదిగలకు జాంబపురాణము చెప్పు డక్కలివారు వంటి నోటి చరిత్రకారులున్నారు. దేశాంతరము పోయినవారికి ఓడ జాబితాలున్నవి. 1860లో మద్రాసునుండి నేటాలునకు ‘ట్రూరో’ అను ఓడ తొలి కూలీలను తీసికొనిపోయెను. ఆ జాబితాలలో మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు వ్రాసియుండుటచేత, నేడు డర్బనులోని మునిమనుమలు తమ ఊరిని వెదకుకొనగలుగుచున్నారు. మనము ఒక రాత్రి ప్రయాణములో నున్నవారము. మనకు అలసత్వము తగునా?

కాగితములలో స్త్రీల పేర్లు మిక్కిలి అరుదు. మా ముత్తవ్వ పేరు నేటికిని నాకు దొరకలేదు. కనుక ఇంటికి పోయి, అమ్మల పేర్లు, అమ్మమ్మల పేర్లు, నాయనమ్మల పుట్టినిండ్లు ఈ రాత్రియే ఒక పుస్తకములో వ్రాయుడని ప్రార్థించుచున్నాను.

తుదిమాట ఒకటి. ఆ దస్తావేజు గొలుసుకట్టు వ్రాతలో నున్నది. నా కుమారునికి చూపితిని. భిలాయిలో పుట్టి హిందీలో చదివినవాడు. తెలుగు అక్షరమే రాదు. తన ముత్తాత తండ్రి పేరు తన చేతిలోనే యున్నది, చదువలేకపోయెను. ఆనాటినుండి ఆదివారములందు వానికి అక్షరములు నేర్పుచున్నాను. మన సంఘము పిల్లలకు తెలుగు తరగతి నడిపినచో, పండుగనాటి పాటలకే గాక ఇట్టి కాగితములకును అది అక్కరకు వచ్చును.

మరుసటి ఏడు తర్పణమునందు మూడు పేర్లును తడబడక చెప్పితిని. ఈ సభలో ఆ పేరు చెప్పను. అది మా యింటి సొత్తు. మీ మీ యిండ్ల సొత్తును మీరును వెదకి తెచ్చుకొందురుగాక.