పొగాకు పాటలో సర్కారు పాత్ర

ప్రభుత్వం చేయి పెట్టాలా, మార్కెట్‌కే వదిలేయాలా అన్న తగువు తేల్చుకోవడానికి ఒంగోలు వాళ్లు దూరం పోనక్కర్లేదు. టంగుటూరు, కొండపి వైపు వర్జీనియా పొగాకు పండుతుంది, పర్చూరు, ఇంకొల్లు వైపు నల్లబర్లీ. మొదటిదానికి పొగాకు బోర్డు వేలం ఉంది, రెండోదానికి లేదు. (పొగాకే పండించాలా అంటారా, అది మరో సాయంత్రం మాట.)

వేలం రాకముందు వర్జీనియా రైతు సరుకు తీసుకుని వ్యాపారి గోదాముకే పోవాలి. గ్రేడు కట్టేదీ ఆయనే, కాటా వేసేదీ ఆయనే, డబ్బెప్పుడివ్వాలో చెప్పేదీ ఆయనే. 1975 చట్టంతో వచ్చిన బోర్డు 1976లో గుంటూరు కేంద్రంగా పని మొదలుపెట్టింది, 1985లో మన దగ్గర వేలం కేంద్రాలు తెరిచింది. అక్కడ బోర్డు పని పొగాకు కొనడం కాదు. బేలు తూచి, నంబరిచ్చి, కొనేవాళ్లందరినీ ఒక్కచోట నిలబెట్టి, రైతు కళ్లెదుట పాట పాడించడం. దీన్ని కొందరు మార్కెట్లో జోక్యం అంటారు. అంతకుముందు గోదాములో జరిగినదాన్ని మార్కెట్ అనడానికి నాకు నోరు రాదు.

అలాగని అంతా బాగుందనీ అనను. కొనే కంపెనీలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. వాళ్లు మౌనం పాటిస్తే ఎవరూ పాడని ‘నోబిడ్’ బేళ్లు తిరిగి ఇంటికొస్తాయి. అందుకే 2020లో రాష్ట్రం తన సహకార మార్కెటింగ్ సమాఖ్య అయిన మార్క్‌ఫెడ్‌ను పాటలోకి దింపింది. పాడే గొంతు ఒకటి పెరిగితే చాలు, ధరలో కదలిక వస్తుంది. అది అత్యవసర మందు, రోజూ మింగేది కాదు.

2025లో నల్లబర్లీ సంగతి చూశారు. ముందు మంచి ధర పలికింది, సాగు పెరిగింది, కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, చివరికి మళ్లీ మార్క్‌ఫెడ్డే కొనాల్సొచ్చింది. కొన్న సరుకుకు బేరం దొరక్కపోతే ఆ నష్టం పొగాకు మొహం చూడనివాళ్ల పన్నుల్లోంచే పోతుంది.

నా మాట ఇది: బర్లీ కొంటామని కంపెనీ నోటిమాటగా ఇచ్చే భరోసాను నారుమళ్లు పోయకముందే కాగితం మీద రాయించి, నమోదు చేయించాలి. మాట తప్పిన కంపెనీకి జరిమానా కలెక్టర్ వేయాలా, బోర్డు వేయాలా అన్నది ప్రశ్నల వేళ తేల్చుకుందాం.