చప్పుడు మాత్రమే దెబ్బ

ఈ ఆదివారం ఒక నాటకం కబుర్లతో మీ ముందుకొచ్చాను. నాటకాలు చదువుకున్నవాణ్ణి కాదు. పొద్దస్తమానం డేటాబేసులతో కుస్తీ పట్టే కన్సల్టెంటుని. ఎమ్మెస్ చదివే రోజుల్లో, ఊరి లైబ్రరీలో సినిమాలు ఊరికే ఇస్తారని తెలిసి, చేతికందిన డీవీడీ ఒకటి తెచ్చుకున్నాను. అక్కణ్ణించి పట్టుకుంది ఈ పిచ్చి.

అది షేక్స్పియర్ రాసిన ‘ద టేమింగ్ ఆఫ్ ద ష్రూ’. మన మాటల్లో చెప్పాలంటే గయ్యాళిని దారికి తెచ్చుకోవడం. శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికన్ కన్సర్వేటరీ థియేటర్ వాళ్ళు వేసిన నాటకాన్ని 1976లో పీబీఎస్ టీవీలో చూపించారు. దర్శకుడు విలియం బాల్. పెట్రూకియోగా మార్క్ సింగర్, కేథరీనాగా ఫ్రెడీ ఓల్‌స్టర్ వేశారు.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇటలీలో పాడువా అనే ఊళ్ళో ఒక పెద్దమనిషికి ఇద్దరు కూతుళ్ళు. చిన్నదాని కోసం పెళ్ళికొడుకులు బారులు తీరతారు. పెద్దదానికి నోరెక్కువ, చెయ్యి అంతకన్నా ఎక్కువ. పెద్దదాని పెళ్ళయ్యేదాకా చిన్నదాని ఊసెత్తొద్దంటాడు తండ్రి. అప్పుడు పెట్రూకియో దిగుతాడు. నేనొచ్చింది కట్నం కోసమేనని దాచకుండా చెప్తాడు. పెళ్ళి చేసుకుని, ఇంటికి తీసుకెళ్ళి, ఆవిడకి తిండి దక్కకుండా, నిద్ర పట్టకుండా చేసి, నేను సూర్యుణ్ణి చంద్రుడంటే నువ్వూ చంద్రుడనాలంటాడు. ఆఖర్న ఆవిడ, భార్య భర్త మాట వినాలని పెద్ద ఉపన్యాసం ఇస్తుంది. మన ‘గుండమ్మ కథ’లో జమున పొగరు దించడానికి నాగేశ్వరరావు పడే పాట్లకి ఈ నాటకమే ప్రేరణ అంటారు. నిజమేననిపిస్తుంది, చూస్తే.

ఇలా విప్పి చెబితే ఇందులో నవ్వడానికేముంది? నాకూ అదే సందేహం. కానీ ఆ డీవీడీ చూస్తూ పడీపడీ నవ్వాను. నవ్వాక కొంచెం సిగ్గేసింది కూడా. ఎందుకు నవ్వానో తెలుసుకుందామని మళ్ళీ మళ్ళీ చూశాను.

సంగతి ఏమిటంటే, ఆ దర్శకుడు నాటకాన్ని ఇటలీ వీధి నాటకం పద్ధతిలో వేయించాడు. దాన్ని కమెడియా డెల్ ఆర్తే అంటారు. 1545లో కొందరు నటులు మనమంతా ఒక జట్టుగా ఆడి సంపాదన పంచుకుందామని కాగితం రాసుకున్నారు. ఇలాంటి ఒప్పందాల్లో మనకి దొరికిన మొదటిది అదేనంటారు. జబ్బుపడినవాణ్ణి అందరూ చూసుకోవాలని, సామాను మొయ్యడానికి గుర్రం కొనాలని కూడా అందులో ఉంది. మన ప్రాజెక్టు కాంట్రాక్టుల కన్నా నయం. ఆ కాగితం రాసుకున్నది కూడా పాడువాలోనే!

వీళ్ళకి పూర్తిగా రాసిన నాటకం ఉండదు. కథ ఫలానా అని నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, మాటలు అక్కడికక్కడే అల్లుకుంటారు. పాత్రలు మాత్రం మారవు. పిసినారి ముసలాడు పాంటలోనే, ఎప్పుడూ ఆకలేసే నౌకరు ఆర్లెకీనో, ఉత్త బడాయి కపితానో. వీళ్ళకి తోలు మాస్కులు. ప్రేమికులకి మాత్రం మాస్కులుండవు. మనకూ తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఉన్నారు కదా! రామాయణం నడుస్తున్నా సరే వాళ్ళొచ్చి పోట్లాడుకుంటారు. షేక్స్పియర్‌కి ఈ ఇటలీ బాపతు బాగా తెలుసు. చిన్నకూతురి వెంటపడే ముసలి గ్రేమియోని 1623లో అచ్చయిన పుస్తకంలోనే పాంటలూన్ అని పరిచయం చేశారు.

ఇక దెబ్బ సంగతి. ఆర్లెకీనో నడుముకి ఒక కర్ర ఉంటుంది. నిజానికది ఒక కొస కలిపి కట్టిన రెండు పల్చటి చెక్కలు. మెల్లిగా తగిలించినా చెక్కా చెక్కా కొట్టుకుని ఫట్‌మంటుంది. చప్పుడు ఎక్కువ, నొప్పి తక్కువ. ఇంగ్లీషులో స్లాప్‌స్టిక్ అనే మాట ఆ కర్ర పేరే. తోలుబొమ్మలు యుద్ధం చేసేటప్పుడు ఆడించేవాళ్ళు కాళ్ళకింద చెక్కలు తొక్కి చప్పుడు చేస్తారు చూడండి, అదీ ఇదీ అన్నదమ్ములే.

బాల్ నాటకంలో మాస్కుల విదూషకులు వేదిక చుట్టూ చేరి తమాషా చూస్తూ చప్పుళ్ళు చేస్తుంటారు. ఇదంతా ఆటేనని మనం ఒక్క క్షణం కూడా మర్చిపోం. పెళ్ళిమాటల సీనులో కేథరీనా పెట్రూకియోని కొడుతుంది. అది షేక్స్పియర్ రాసిందే. మళ్ళీ కొడితే నేనూ కొడతానంటాడు, కానీ మూలంలో ఎక్కడా ఆవిడ మీద చెయ్యి చేసుకోడు. ఈ ఇద్దరూ కుస్తీ పట్టినట్టు ఎగురుతారు, దొర్లుతారు. ఒకరి ఒడుపు ఒకరికి నచ్చడం వాళ్ళ ఒంట్లోనే కనిపిస్తుంది. ప్రేమ ఎక్కడ పుట్టిందో మాటల్లో వెతికితే దొరకదు, అక్కడ దొరుకుతుంది. ఆఖరి ఉపన్యాసంలో ఓల్‌స్టర్ కెమెరా వైపు చూసి కన్ను గీటుతుంది. ఆ కన్ను గీటడంతో లెక్కంతా సరిపోయిందని చాలామంది అంటారు. నాకు సరిపోలేదు. కంచాలు ఎగరడం తమాషాగానే ఉంటుంది, ఆకలి మాత్రం ఏ చెక్క చప్పుడుకీ తమాషా కాదు.

కొన్నేళ్ళ క్రితం మా ఊరి తెలుగువాళ్ళం ఉగాదికి ఆ పెళ్ళిమాటల సీను ఒక్కటీ తెలుగులో వేద్దామనుకున్నాం. కాత్యాయని, పెద్దిరాజు అని పేర్లు మార్చి నేనే రాశాను. రిహార్సళ్ళు మా గరాజ్‌లో. ఉత్తుత్తి దెబ్బ నేర్చుకోవడానికే మూడు వారాలు పట్టింది. ముందు ఇద్దరూ కళ్ళలోకి చూసుకోవాలి. చెయ్యి మొహానికి దూరంగా పోవాలి. చప్పుడు ఇంకెక్కణ్ణించో రావాలి. తల తిప్పాల్సింది దెబ్బ తినేవాడు. అసలు నటనంతా వాడిదే. ఒకసారి పెద్దిరాజు తల తిప్పడం మర్చిపోయాడు, కాత్యాయని గాజులు తగిలి బుగ్గ గీసుకుపోయింది. మర్నాడు ఆఫీసులో ఏం చెప్పుకున్నాడో మరి.

మాలో ఒకావిడ ఉన్నారు, నాకన్నా పెద్దావిడ. వేషం వెయ్యమంటే, “తమ్ముడూ, చెయ్యెత్తడం చూసి నవ్వడం నా వల్ల కాదమ్మా” అన్నారు. గరాజ్‌లో ఎవ్వరూ మాట్లాడలేదు. ఎందుకని ఎవ్వరమూ అడగలేదు. అసలీ నాటకం మానేద్దామా అని ఆ రాత్రి మా ఆవిడా నేనూ చాలాసేపు అనుకున్నాం. రెండు రోజులాగి ఆవిడే ఫోన్ చేశారు. “ఆ చెక్కలు నాకివ్వండి, నేను కూచుని కొడతా” అన్నారు.

వేదిక పక్కన చిన్న పీట వేసి కూచోబెట్టాం. ఆవిడ చెక్క కొడితేనే దెబ్బ, లేకపోతే లేదు. నాటకం రోజున కాత్యాయని రెండు తగిలించింది, రెండుసార్లూ హాలంతా వినబడేట్టు ఫట్‌మనిపించారు. తర్వాత పెద్దిరాజు, ఈసారి నేను కొడతానంటూ చెయ్యెత్తాడు. ఆవిడ చెక్కలు ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. మేం అనుకున్నది కాదిది. వాడి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఇంకోసారి బతిమాలుతున్నట్టు చూశాడు. ఊహూఁ. చేసేదిలేక ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. మేం రాసుకున్న ఏ మాటకీ రానంత నవ్వు వచ్చింది హాల్లో. వెనక వరసల్లో ఆడవాళ్ళు చప్పట్లు కొట్టడం ఎంతకీ ఆపలేదు.

లోపలికొచ్చాక ఆవిడ చెమట తుడుచుకుంటూ, “పాడు చేశానా తమ్ముడూ?” అని అడిగారు. లేదక్కా అన్నాను. ఇంకేమీ తోచలేదు.

ఆ చెక్కలు ఇప్పటికీ మా గరాజ్‌లో మేకుకి వేలాడుతున్నాయి. మళ్ళీ ఉగాదికి ఏం వేద్దామని ఆవిడే ఫోన్ చేస్తుంటారు. వింటున్న వాళ్ళలో ఎవరికైనా సరదా ఉంటే మా జట్టులోకి రండి, మాకో పాంటలోనే కావాలి. పిసినారిగా నటించడానికి మనవాళ్ళలో ఎవరూ ముందుకి రావడం లేదు.