బారు వెనుక గదిలో నాటకం

(ఉగాది ఉత్సవాల సాయంకాల సభలో చేసిన ప్రసంగ పాఠము)



నాటకాలను గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యవర్గం వారు నన్ను ఆజ్ఞాపించారు. నేను నాటక పండితుణ్ణి కాను. ముప్పయ్యైదేళ్ళు బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. నా తెలుగు కూడా తల్లి ఒడిలో నేర్చినది కాదని మీలో చాలామందికి తెలుసు. మా తాత 1911లో విశాఖ జిల్లా వదలి, మదరాసు రేవులో ఓడెక్కి, గిరిమిట్టు మీద ఫిజీ దీవులకు వెళ్ళాడు. నా కాలం వచ్చేసరికి ఇంట్లో మిగిలింది ఫిజీ హిందీయే. 1987లో అక్కడ రెండుసార్లు సైనిక తిరుగుబాటు జరిగాక మేము కాలిఫోర్నియా చేరాము. నలభై దాటిన తరువాత ఈ సంఘంవారి సాయంత్రపు తరగతిలో కూర్చుని అ ఆలు దిద్దాను. ఇప్పుడు అదే తరగతిలో పాఠం చెబుతున్నాను. తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

నేను చెప్పదలచినది ఒక చిన్న కోరిక. మన సంఘానికి ఏడాదికి ఒక పెద్ద ప్రదర్శన కాక, ఒక చిన్న నాటకాల ఋతువు కావాలి. దానికి హాలు అక్కర్లేదు. ఒక హోటలు వెనుక గది చాలు. "హోటలా, బారా?" అని అడుగుతారని తెలుసు. రెండూను. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

మనకు గంట ప్రయాణం దూరంలో బర్క్లీ ఉంది. 1967లో అక్కడి విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న జాన్ లయన్ అనే యువకుడు స్టెపెన్‌వుల్ఫ్ అనే బారులో ఒక నాటకం వేయించాడు. బారుకు ఆ పేరు హెర్మన్ హెస్సే నవల నుంచి వచ్చింది. నాటక సమాజం కూడా అదే నవల నుంచి తన పేరు తీసుకొని మ్యాజిక్ థియేటర్ అయింది. బీరు గ్లాసుల చప్పుడు మధ్య పుట్టిన ఆ సమాజం తరువాత శాన్‌ఫ్రాన్సిస్కో ఒడ్డున, ఒకప్పుడు సైన్యంవారిదైన ఫోర్ట్ మేసన్‌లో స్థిరపడింది. శామ్ షెపర్డ్ అనే నాటకకర్తను తమవాడిగా పెట్టుకుని, వ్రాసినది వ్రాసినట్లు ఆడనిచ్చింది. అతని "బెరీడ్ చైల్డ్" 1978లో అక్కడే తొలిసారి ఆడారు. మరుసటి యేడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

అదే బర్క్లీలో 1992లో షాట్‌గన్ ప్లేయర్స్ అనేవారు లా వాల్స్ అనే పిజ్జా దుకాణం నేలమాళిగలో మొదలుపెట్టారు. పైన పిజ్జా, బీరు, కింద నాటకం. 2004లో వారికి సొంత నాటకశాల ఏర్పడింది. లండనులో 1970లో కింగ్స్ హెడ్ అనే పబ్బు వెనుక గదిలో నాటకశాల తెరిచిన డాన్ క్రాఫర్డ్ కూడా అమెరికావాడే. అక్కడివారు ఆ గదిని వదలి పక్కనే కట్టిన కొత్త నాటకశాలకు మారింది 2024లో, అంటే యాభై ఏళ్ళు దాటాక.

మద్యం మాట వింటేనే ముఖం చిట్లించేవారి కోసం ఒక కాఫీ కొట్టు కథ కూడా దాచి ఉంచాను. న్యూయార్కులో కార్నీలియా వీధిలో జో చీనో 1958 డిసెంబరులో ఒక కాఫీ దుకాణం తెరిచాడు. అందులో రంగస్థలం ఇటు ఎనిమిది అడుగులు, అటు ఎనిమిది అడుగులు. మన ఇళ్ళలో పూజ గది ముందు వేసే తివాచీ అంత. ఆట అయ్యాక టోపీ పట్టుకు తిరిగితే పడిన చిల్లరే నటుల జీతం. ఆ తివాచీ మీద తన తొలి నాటకాలు ఆడించిన లాన్‌ఫర్డ్ విల్సన్‌కు 1980లో పులిట్జర్ వచ్చింది.

ఇటువంటి గదులలోనే కొత్త నాటకం ఎందుకు పుడుతుంది? నాకు తోచిన లెక్క చెబుతాను, నేను లెక్కల మాస్టరును కదా. బారు యజమానికి జనం రాని రాత్రులు ఉంటాయి. ఆ రాత్రి గది ఊరికే ఉండేకంటే యాభై మంది వచ్చి కూర్చుంటే ఆయనకూ లాభమే, కాబట్టి అద్దె తక్కువ. అద్దె తక్కువైతే ఆట తప్పిపోయినా కొంప మునగదు. కొంప మునగదంటే కొత్తవాడి నాటకం ఆడడానికి ధైర్యం వస్తుంది. పైగా యాభై మంది ముందు అరవక్కర్లేదు, మైకు అక్కర్లేదు. గొంతు తగ్గించి చెప్పిన మాట కూడా చివరి కుర్చీకి వినబడుతుంది.

కొత్త నాటకాలతో ఖజానా నిండదు, నిజమే. అందుకే ఈ దొరలు పండుగ ఆట ఒకటి పెట్టుకుంటారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏ.సి.టి. అనే పెద్ద సంస్థ 1976లో మొదలుపెట్టి డికెన్సు క్రిస్మస్ కథను చాలా ఏళ్ళు ఆడింది. తాతలు మనుమలను వెంటబెట్టుకొని వచ్చేవారు. లండనులోనైతే క్రిస్మస్‌కు పాంటోమైమ్ అనే వినోదం. పండుగకు తెలిసిన కథ, మిగిలిన నెలల్లో తెలియని కథ. ఒకటి రెండోదాన్ని పోషిస్తుంది.

మనం చేస్తున్నదేమిటి? పండుగ ఆట ఒక్కటే. పెద్ద హాలు, టేపులో వేసిన పద్యాలు, పెదవులు కదిపే పిల్లలు. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. మా మనుమడు కిందటేడు ప్రహ్లాదుడు వేస్తే నేనే ముందు వరుసలో నిలబడి ఫొటోలు తీశాను. "నీవు పలికిన మాటకు అర్థమేమిట్రా?" అని తరువాత అడిగితే, "టేపుకు తెలుసు తాతా" అన్నాడు.

మన పూర్వులు ఇలా చేయలేదు. సురభివారు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టారని మీరు విన్నారు. గురజాడవారి కన్యాశుల్కం 1892లో విజయనగరంలో తొలిసారి ఆడినప్పుడు అదీ కొత్త నాటకమే, అందులోనూ జనం నోటి భాషలో వ్రాసిన నాటకం. అంత దూరం ఎందుకు? మా నాన్న చెప్పేవాడు. సంక్రాంతి రాత్రి చెరకు తోటల పక్కన రెండు గుంజలకు దుప్పటి కట్టి, లాంతరు పెట్టి, మా తాత జట్టువారు కీచకవధ ఆడేవారట. ద్రౌపది వేసినవాడి చేతులనిండా చెరకు కత్తి గాట్లు. కీచకుడు మాత్రం కిరీటం పెట్టుకోలేదు. కులంబరు టోపీ పెట్టుకొని వచ్చాడట! కులంబరు అంటే ఎవరో, ఆయన ఆడవాళ్ళను ఏ చూపు చూసేవాడో ఇక్కడున్న ఫిజీవారికి నేను చెప్పనక్కర్లేదు. భీముడు ఆ టోపీని కాలితో తొక్కినప్పుడు జనం లేచి నిలబడ్డారట. పండుగ ఆట అదే, కొత్త నాటకమూ అదే.

ఇప్పుడు నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఆ బర్క్లీ బారులో మొదట ఆడిన నాటకం అయనెస్కో వ్రాసిన "పాఠము". ఒక ప్రొఫెసరు ఇంటికి ఒక పిల్ల చదువుకోవడానికి వస్తుంది. లెక్కలు అయ్యాక భాషాశాస్త్రం మొదలవుతుంది. పిల్లకు పంటి నొప్పి. ఆయన వినడు, చెబుతూనే ఉంటాడు. చివరికి కత్తితో పొడిచి చంపుతాడు. ఇంతలో ఇంకో పిల్ల వచ్చి గంట కొడుతుంది. మొదటిసారి చదివినప్పుడు నవ్వాను. రెండవసారి నవ్వు రాలేదు.

మూడేళ్ళ క్రిందట మన తరగతిలో పదహారేళ్ళ అమ్మాయి పన్నెండు పేజీల నాటకం వ్రాసి తెచ్చింది. పేరు "సలుపు". ఆస్పత్రిలో అమ్మమ్మ. ఎక్కడ ఎలా నొప్పి అని నర్సు అడుగుతుంది. అమ్మమ్మ "సలుపుతోందే" అంటుంది. మనుమరాలికి ఆ మాట తెలియదు. ఇంగ్లీషులో ఏమి చెప్పాలో తోచక "బాగానే ఉందట" అని చెప్పేస్తుంది. అక్కడి నుంచి కథ. నేను ఎర్ర సిరా కలం తీశాను. అమ్మమ్మ "రావే, కాసేపు తలనోవా చేద్దాం" అంటే, అది ఫిజీ మాట అని కొట్టివేసి "సంభాషించెదము" అని వ్రాశాను. దీర్ఘాలు దిద్దాను, ఒత్తులు దిద్దాను. అంతటితో ఆగానా? "సలుపు" నాటుగా ఉన్నదని పేరు కూడా కొట్టి "వేదన" అని పెట్టాను. ఆ మాట తెలియకపోవడమే కదా నాటకమంతా! ఆ పిల్ల కాగితాలు తీసుకొని, "థాంక్యూ మాస్టారూ" అని వెళ్ళింది. మళ్ళీ తరగతికి రాలేదు. ఉత్సవానికి ఆ యేడు వేరే నాటకం వేశాము, ఎవరికీ గుర్తు లేదు.

ఇక బారు సంగతి. మన సభ్యులొకరి హోటలులో ముందు భోజనశాల, పక్కన బారు, వెనుక ఒక గది ఉన్నాయి. సోమవారాలు గది ఖాళీ. అద్దె వద్దన్నారు, వచ్చినవాళ్ళు భోంచేస్తే చాలన్నారు. అక్టోబరులో ఒక కొత్త నాటకం, జనవరిలో హరిదాసు, గంగిరెద్దు, గొబ్బిళ్ళతో టిక్కెట్టు పెట్టి సంక్రాంతి ఆట, ఉగాదికి ముందు మరొక కొత్త నాటకం. మూడే రాత్రులు. కార్యవర్గంలో ఒక పెద్దాయన, "మన ఆడపిల్లలు సారాకొట్టులో గజ్జె కడతారా?" అన్నారు. ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. తోటల్లో తాగుడు ఎన్ని కొంపలు తీసిందో ఆయన కళ్ళారా చూశారు. చెరకు నుంచి చక్కెరే కాదు, రమ్ము కూడా వస్తుంది కదా. ఆ గదికి వీధివైపు వేరే తలుపు ఉందని తీసుకెళ్ళి చూపించాను. చాలాసేపు చూసి, "అయితే ఈ తలుపు దగ్గర నేను కూర్చుంటాను" అన్నారు. టిక్కెట్లు చింపే పని ఆయనకు ఖాయం చేశాము.

కిందటి నెల ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. క్షమించమని అడిగి, నాటకం ఇమ్మన్నాను. లోపలికి వెళ్ళి రెండు ప్రతులు తెచ్చింది, ఒకటి నా ఎర్ర సిరాది, ఒకటి శుభ్రమైనది. శుభ్రమైనది నా చేతికిచ్చి, "దిద్దకూడదు మాస్టారూ" అంది. ఒప్పుకున్నాను. అమ్మమ్మ వేషం ఎవరికి ఇద్దామని అడిగాను. సోఫాలో కూర్చున్న వాళ్ళ అమ్మమ్మవైపు చూపించి, "ఆవిడకు డైలాగులు వ్రాసి ఇవ్వక్కర్లేదు" అంది.

గదిలో ప్రస్తుతం ఇరవై నాలుగు కుర్చీలు ఉన్నాయి. ఇంకా ఇరవై ఆరు కావాలి. మడత కుర్చీలైనా ఫరవాలేదు. భోజనాలకు లేచేముందు తలుపు పక్కన బల్ల మీద పెట్టిన కాగితం మీద పేరు, ఎన్ని కుర్చీలో వ్రాసి వెళ్ళండి. ఏ లిపిలో వ్రాసినా సరే, నేను దిద్దను.