గ్రామమున లేతు పనిశాల: పంచాయతీ చేయదగిన పనులు

(జహీరాబాదు ప్రాంత గ్రామ పంచాయతీ సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)

సభ్యులారా,

పంచాయతీ సమావేశములలో రోడ్లు, మురుగు కాలువలు, వీధి దీపములు, త్రాగునీరు మున్నగు విషయములు తరచుగా చర్చకు వచ్చుచుండును. అవి ముఖ్యమైనవే. కాని త్రాగునీటి పంపు షాఫ్టు అరిగిపోయిననాడు, ట్రాక్టరు ట్రాలీని తగిలించు సీల విరిగిననాడు, దానిని బాగు చేయగల మనిషి ఊరిలో ఉన్నాడా లేడా అను ప్రశ్న మాత్రము అరుదుగా వచ్చును. నేడు మేము మీ యెదుట ఉంచదలచిన విషయము అదియే. ఇంటి పెరటిలో ఒక పాత లేతు యంత్రము, ఒక డ్రిల్లింగు యంత్రము, ఒక సాన పెట్టుకొని లోహపు పని చేయువాడు గ్రామమునకు ఎంతటి అండ కాగలడో, అట్టివానికి పంచాయతీ ఏమి చేయవలెనో విన్నవింతుము.

ఒకప్పుడు ప్రతి గ్రామమునకు ఒక కొలిమి ఉండెడిది. నాగలి కర్రు కాల్చి సాగగొట్టుట, కొడవలికి పదును పెట్టుట, బండి చక్రమునకు ఇనుప పట్టా వేయుట కమ్మరి పని. పంట కళ్లమునకు వచ్చినప్పుడు రైతు అతనికి ధాన్యమును మేరగా కొలిచి ఇచ్చెడివాడు. ఈ చేతిపని సామాన్యమైనది కాదు. నిజామాబాదు ప్రాంతమందలి కోనసముద్రములో మూసలలో కరిగించి చేసిన ఉక్కును పూర్వము పారశీక దేశపు వర్తకులు వచ్చి కొనుక్కొనిపోయిరి. మన జహీరాబాదు తాలూకా 1956 వరకు బీదరు జిల్లాలో ఉండెను. ఆ బీదరులో తుత్తునాగము, రాగి కలిపి పోతపోసిన పాత్రలను యంత్రముపై త్రిప్పి నునుపు చేసి, చెక్కి, వెండి పొదుగుదురు. ఆ కళకు 2006లో భౌగోళిక గుర్తింపు లభించినది. లోహమును త్రిప్పుచు చెక్కు పని మన ప్రాంతమునకు క్రొత్తగా వచ్చినది కాదని చెప్పుటకే ఈ మాట. ఇట్టి యంత్రమునకు తెలుగులో తరిమెన అను పేరు ఏనాటినుండియో కలదు.

కాలము మారినది. నాగలి స్థానమున ట్రాక్టరు, మోట స్థానమున విద్యుత్ పంపు వచ్చినవి. జహీరాబాదులోనే 1980వ దశకమున ఆల్విన్ నిస్సాన్ వాహనముల కర్మాగారము నడచినది. 2013లో మహీంద్రా సంస్థ ట్రాక్టరుల కర్మాగారమును ప్రారంభించినది. పెద్ద కర్మాగారము క్రొత్త ట్రాక్టరును చేసి పంపును. కాని పదేండ్లు పొలములో నలిగిన ట్రాక్టరుకు ఒక బుష్ కావలసివచ్చినప్పుడు రైతు కర్మాగారము తలుపు తట్టలేడు గదా! జహీరాబాదు పట్టణమునకో, సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదుకో పోవలయును. పోయిన దినము, బస్సు ఖర్చు, మరునాడు రమ్మన్న మాట, ఈ లోపల ఎండిన చెరకు తోట: ఇవన్నియు ఆ చిన్న బుష్ ధరలో చేరును. ఊరిలో లేతు ఉన్నచో అది పూటలో ముగియు పని.

పాత యంత్రమే ఎందుకని కొందరు అడుగవచ్చును. మన దేశమున యంత్ర పరికరముల నిర్మాణము స్వాతంత్ర్యమునకు కొద్దిగా ముందు, వెనుక కాలమున వేళ్లూనినది. సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ 1943లో ఏర్పడినది. బెంగుళూరులో హిందూస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో స్థాపింపబడి, 1965లో హైదరాబాదున ఒక శాఖను నెలకొల్పినది. పంజాబులోని బటాలా, గుజరాతులోని రాజకోట చిన్న పనిశాలలకు తగిన లేతులకు ప్రసిద్ధికెక్కినవి. పెద్ద కర్మాగారములు కంప్యూటరుతో నడచు యంత్రములకు మారుటతో చేతితో నడుపు యంత్రములు అనేకము అమ్మకమునకు వచ్చినవి. వానిలో పోత ఇనుప బెడ్డు, పండ్ల చక్రములు, మర స్క్రూలు తప్ప కంటికి కనబడని భాగమేదియు లేదు. నడుపువాడే విప్పి, కడిగి, అరిగిన భాగమును తానే చేసికొని తిరిగి బిగించుకొనగలడు. గ్రామమునకు కావలసినది ఈ గుణమే. దినమునకు వేయి ఒకే రకపు సీలలు చేయవలసిన చోట పాత యంత్రము పనికిరాదు. ఒక్కొక్క దినము ఒక్కొక్క రకపు విరిగిన వస్తువు వచ్చు చోట దానిని మించినది లేదు.

అయితే పాతది అన్నంత మాత్రమున చౌక కాదు. రంగు వేసిన యంత్రమును చూచి మోసపోవువారు కలరు. కొనుటకు ముందు నాలుగు పరీక్షలు చేయవలెను. మొదటిది బెడ్డు పరీక్ష. పని యెక్కువగా చక్కు దగ్గరనే జరుగును గనుక బెడ్డు అచ్చటనే ఎక్కువ అరుగును. ఉలిని మోయు బండిని చక్కు వైపున సరిగా కదలునట్లు బిగించి, రెండవ కొసకు నడిపించి చూడవలెను. అక్కడ బిగిసి ఆగిపోయినచో చక్కు వైపున అరుగుదల హెచ్చుగా ఉన్నదని అర్థము. రెండవది ఇరుసు పరీక్ష. చక్కులో లావైన కడ్డీని బిగించి పైకి ఎత్తిన ఇరుసు కదిలినచో బేరింగులు వదులైనవని తెలిసికొనవలెను. మూడవది, చక్కులో ఒక కడ్డీని పట్టించి 100 మిల్లీమీటర్ల పొడవున సన్నగా చెక్కి, రెండు కొసలను మైక్రోమీటరుతో కొలువవలెను. ట్రాలీ సీలకు స్వల్ప భేదము బాధింపదు. కాని పంపు బేరింగు కూర్చుండు చోట మిల్లీమీటరులో నూరవ వంతులు రెండు మూడు తగ్గినను బేరింగు వదులై త్వరలోనే చెడిపోవును. నాలుగవది, మరలు కోయుటకు మార్చి వేయు పండ్ల చక్రములన్నియు ఉన్నవో లేవో లెక్కించుట. అవి లేని లేతు సగము లేతే.

పిడిని వెనుకకు త్రిప్పినప్పుడు కొంత దూరము ఊరక తిరుగుట ప్రతి పాత యంత్రమునకు ఉండును. అది పెద్ద దోషము కాదు. ఎల్లప్పుడు ఒకే దిక్కునుండి కొలతకు వచ్చు అలవాటు చేసికొన్నచో పని సరిగా వచ్చును.

యంత్రమును ఇంటికి తెచ్చిన పిదప దానిని గట్టి కాంక్రీటు దిమ్మెపై నిలిపి, రసమట్టముతో రెండు దిక్కుల సరిచూచి బిగింపవలెను. బెడ్డు ఏమాత్రము మెలిదిరిగినను చెక్కిన కడ్డీ ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా వచ్చును. యంత్రము చెడ్డదను అపకీర్తి మాత్రము మిగులును. కంచు బుష్‌లు గల యంత్రమునకు ప్రతి ఉదయము నూనె పోయుట తప్పనిసరి. వానకాలమున పని ముగిసిన పిమ్మట బెడ్డును తుడిచి నూనె పూయకున్నచో తెల్లవారునప్పటికి త్రుప్పు పట్టును.

వేగము విషయమున కూడ లెక్క కలదు. సాధారణ హైస్పీడు ఉక్కు ఉలితో మెత్తని ఇనుమును నిమిషమునకు సుమారు 25 మీటర్ల వేగమున చెక్కవచ్చును. 25ను వేయితో హెచ్చించి, కడ్డీ వ్యాసమును 3.14తో హెచ్చించిన మొత్తముచే భాగించిన నిమిషమునకు ఎన్ని చుట్లు కావలెనో తెలియును. 40 మిల్లీమీటర్ల కడ్డీకి ఇది సుమారు 200 చుట్లు. పోత ఇనుమునకు ఇంకను తగ్గింపవలెను. లెక్క చూడక బెల్టు ఏ మెట్టుపై ఉన్న దానిపైననే నడిపించువాడు దినమంతయు ఉలికి సాన పట్టుకొనుటతోనే సరిపుచ్చును.

ఇక ఆదాయము. పనివారు చాలమంది తమ కూలిని, కరెంటు ఖర్చును మాత్రమే లెక్కించి ధర చెప్పుదురు. యంత్రమునకు కూడ కూలి ఉండవలెను. ఉదాహరణమునకు యంత్రము, మోటారు, చక్కులు కలిపి 1,20,000 రూపాయలైనవనుకొందము. పదేండ్లలో ఆ సొమ్ము తిరిగి రావలెనన్న ఏడాదికి 12,000. ఏడాదికి 240 పని దినములు అనుకొన్న దినమునకు 50 రూపాయలు యంత్రము కూలి. రెండు అశ్వశక్తుల మోటారు పూర్తి బరువుతో నాలుగు గంటలు నడచిన సుమారు 6 యూనిట్ల విద్యుత్తు ఖర్చగును. ఉలులు, నూనె, బెల్టు వేరు. వీనిని విడిగా వ్రాసికొననివాడు లాభము వచ్చుచున్నదను భ్రమలో ఉండి, మోటారు కాలిన దినమున అప్పు చేయును.

ఇంటి పనిశాలలో భద్రతను మరువరాదు. తిరుగు చక్కు వద్ద తువ్వాలు, ధోవతి చెంగు, వదులు చేతుల చొక్కా, చీర కొంగు ప్రాణాపాయకరములు. చేతి తొడుగులు కూడ లేతు వద్ద వేసికొనరాదు. చక్కు తొడుగుతో పాటు చేతిని లాగికొనును. చక్కు బిగించు తాళపుచెవిని దానిలోనే వదలి మోటారు వేయరాదు. వేడి ఇనుప చుట్టలను కొక్కెముతోనే తీయవలెను. సానరాయిని బిగించుటకు ముందు కుండను మ్రోగించి చూచునట్లు తట్టి చూడవలెను. ఖంగుమనక మొద్దుగా పలికినచో అందు బీట కలదు. సాన వద్ద కండ్లద్దాలు, బెల్టుకు కప్పు, మోటారుకు భూసంధానము తప్పక ఉండవలెను. పిల్లలు ఆడుకొను వాకిలికిని యంత్రమునకును నడుమ తలుపు ఉండవలెను.

ఇప్పుడు సభ్యులు చేయవలసిన పనులు. ముందుగా ఊరిలో పంపులు, ట్రాక్టరులు, పిండి మరలు ఎన్ని కలవో, ఏవి తరచు చెడుచున్నవో, బాగు చేయగల చేతులు ఎవరికి కలవో ఒక జాబితా వ్రాయించుడు. పనిశాలకు తగినంత పని కలదా లేదా అన్నది ఆ జాబితాయే చెప్పును. ఒక్క ఊరికి చాలనిచో పొరుగు రెండు ఊళ్లతో కలసి ఆలోచింపవచ్చును.

రెండవది చాల ముఖ్యము. 2023 సెప్టెంబరు 17న ప్రారంభింపబడి, 2027-28 వరకు ఉద్దేశింపబడిన పి.ఎం. విశ్వకర్మ పథకములో 18 వృత్తులు చేర్చబడినవి. వానిలో కమ్మరము, సుత్తులు మున్నగు పనిముట్ల తయారీ, తాళముల తయారీ కలవు. పరికరములకై 15,000 రూపాయల సహాయము, శిక్షణ దినములలో దినమునకు 500 రూపాయల భృతి, 5 శాతము వడ్డీపై తొలివిడత లక్ష రూపాయలు, మలివిడత రెండు లక్షల వరకు హామీ లేని రుణము దీనిలో ఏర్పరుపబడినవి. దరఖాస్తు యొక్క తొలి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయిలోనే జరుగును. అనగా అర్హుడైన కమ్మరి కాగితము మీ యొద్ద ఆగినచో అది పై మెట్టు ఎక్కదు. వర్గ భేదములచేతనో, అశ్రద్ధచేతనో అట్లు ఆగిన కాగితము ఒక కుటుంబపు బ్రతుకును ఆపును. సుత్తి పట్టనివాని కాగితము సాగినచో అంతే అన్యాయము. లేతు పని ఆ 18 వృత్తులలో పేరుతో చెప్పబడలేదు. కావున పూర్తిగా లేతుపైననే ఆధారపడువారు ఇతర రుణ సదుపాయములకై జిల్లా పరిశ్రమల కేంద్రమున విచారింపవలెను.

మూడవది విద్యుత్తు. ఇంటి కనెక్షనుపై మోటారు నడుపుట ప్రమాదము, నేరము కూడ. కుటీర పరిశ్రమలకు వేరు వర్గము కలదు. మూడు ఫేజుల లైను కొరకు పంచాయతీ సిఫారసు చేయవచ్చును. నాలుగవది ఇరుగుపొరుగు. శబ్దమును గూర్చి ఫిర్యాదు వచ్చినప్పుడు పనిశాలను మూయించుట సులభము. ఇరువురిని కూర్చుండబెట్టి పని వేళలను నిర్ణయించుట మేలు. ఐదవది చెల్లింపు. పంచాయతీ పంపు, ట్రాక్టరు మరమ్మతులను నిబంధనల ప్రకారము ఊరి పనిశాలకు ఇచ్చి, రసీదు తీసికొని, సొమ్మును సకాలమున చెల్లింపుడు. చిన్న పనివానికి ఆరు నెలలు నిలిచిపోయిన బిల్లు అరిగిన బెడ్డు కంటె కీడు.

చివరిది విద్య. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో టర్నరు, ఫిట్టరు శిక్షణలు రెండేండ్లవి. వానిని ముగించిన యువతీయువకులకు కొలత తెలియును. ఊరి పెద్ద పనివానికి ఇనుము తెలియును. ఎర్రగా కాగిన ఉక్కు రంగును చూచి పదును చెప్పగల వృద్ధుడు నేడు ఊరికి ఒక్కడు ఉన్నాడో లేడో! అతని యొద్ద ఒక యువకునో యువతినో నిలుపుట ఏ పథకమును రానక్కరలేకయే గ్రామసభ చేయగల పని. కులము అడ్డు రాకూడదు. చేతికి పని వచ్చునా అన్నదే చూడవలెను.

సభ్యులారా, రాబోవు గ్రామసభలో మరమ్మతుల జాబితాను చర్చకు పెట్టుడని మేము కోరుచున్నాము. కొలిమి చల్లారిన ఊరిలో దానిని తిరిగి వెలిగించుట కష్టము. ఇంకను నిప్పు ఉన్న చోట గాలి ఊదుట మాత్రము మీ చేతిలోని పని.